అడవిల ఉమ్మిన అన్న

ఇది వీరగాథ. పట్టపగలు కూడా పొద్దు కనిపించని కీకారణ్యం, ఆగని వాన, మనుషుల నెత్తురు తాగే జీవాలు, వాటి నడుమ చిక్కుకున్న డజను మంది, వాళ్ల కోసం తన ప్రాణమే అడ్డం పెట్టిన ఒకే ఒక్క వీరుడు.

అంత లేదు. నెత్తురు తాగినవి జలగలు. చిక్కుకున్నది నాచారంల మందు గోలీలు ప్యాక్ చేసే ఓ కంపెనీ నుంచి టూరుకు పోయిన మేము. వీరుడు చేసిన పని మా కాళ్ల మీద ఉమ్ముడు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న నాచారం చౌరస్తాల ఉప్పల్ బస్సు కోసం నిలబడితే కరెంటు స్తంభానికి అన్న ఫ్లెక్సీ కట్టి ఉంది. శ్రద్ధాంజలి. వెనక ఏదో దేశం జలపాతం, రెండు హంసలు, నడుమ అన్న. ఫొటో ఆ అడవిల తీసిందే. ఎడమ దవడ ఉబ్బి ఉంటది. ఫ్లెక్సీ షాపోడు పెదాల మీది ఎరుపంతా తుడిచి, ముఖానికి తెలుపు పూసి, అన్నను పెండ్లికొడుకు లెక్క చేసిండు. ఉబ్బిన దవడను మాత్రం ఏం జేయలేకపోయిండు. కింద ఇంత లావు అక్షరాలతోటి: "అడవిలో తోటి కార్మికుల ప్రాణాలు కాపాడిన ధీరుడు". ఇంకా కింద శ్రద్ధాంజలి ఘటిస్తున్నోళ్ల ఫొటోలు. అందుల నేను కూడా ఉన్న. నన్నడగకుండా వాట్సాప్ డీపీ కత్తిరించి పెట్టిన్రు. పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న.

ఫ్లెక్సీ కింది మూలకు ఎవడో అప్పటికే ఎర్రగ ఉమ్మిండు. గురి బాగలేదు, సగం స్తంభానికి పోయింది. అన్న అయితే అట్ల చెయ్యడు.

అన్న గురించి ఇప్పుడు అందరూ మంచిగనే చెప్తున్నరు. మస్తు మంచోడు, నలుగురికి సాయం జేసెటోడు, నవ్వు ముఖమోడు. సచ్చిపోయిన ప్రతి మనిషికి ఇదే సర్టిఫికెట్ ఇస్తరు, పేరు మాత్రం మారుస్తరు. నేను ప్యాకింగ్ మిషన్ మీద ఆయన పక్కన ఏండ్లకేండ్లు కూసున్న. కాబట్టి చెప్తున్న, అన్న ఒక రోత మనిషి.

షిఫ్టుకు ముందు కంపెనీ గోడ పక్కన నిలబడి నోరు ఖాళీ చేసుకునుడు ఆయన దినచర్య. ఆ గోడ మీద ఎవరూ ఉమ్మొద్దని మేనేజ్‌మెంటు దేవుళ్ల టైల్స్ అతికించింది. ఏసు, మక్కా, సాయిబాబా, రాముడు, వరుసగ. అన్న పొద్దున్నే వచ్చి అన్ని టైల్స్‌కూ ఒక్కొక్కదానికి దండం పెడుతుండె. భక్తి అయిపోయినంక, సాయిబాబాకు రాముడికి మధ్య జానెడు ఖాళీ సిమెంటు ఉంటది సూడు, సరిగ్గ అండ్ల కొడుతుండె. ఒక్క చుక్క ఏ దేవుని మీద పడనీయలే. ఆ జాగల గోడ పొట్టు లేసిపోయింది.

నోట్ల గుట్కా ఉన్నప్పుడు అన్న మాట్లాడుతుండె కూడా. తల వెనక్కి వంచి, కింది పెదవిని దొప్ప లెక్క ముందుకు పెట్టి, అచ్చులతోటి. హల్లులు పలకాలంటే పెదాలు కలపాలె, కలిపితే కారుతది. "ఆఇ ఓఉ ఏ" అన్నడంటే "ఫాయిల్ రోలు తే" అని. మిషన్ కొత్తగ నేర్చుకునే పిలగాండ్లకు అన్న భాష అర్థమయ్యేసరికి ప్రొబేషన్ అయిపోతుండె. ఆయన నోట హల్లులు పడి వినిపించే మాట ఒక్కటే, అది ఖాళీ చేసుకున్న వెంటనే: "జర ఆగు." మేనేజర్ పిలిచినా జర ఆగు, వదిన ఫోన్ చేసినా జర ఆగు. ఒకసారి ఫైర్ డ్రిల్లుకు గంట కొట్టి అందరం బయటికి ఉరుకుతుంటే, అన్న గోడ దగ్గర నిలబడి వేలెత్తి, మంటలకు కూడా, జర ఆగు అన్నడు.

అట్లా ఏండ్లు నడిచింది. తర్వాత నోరు మూసుకపోవుడు మొదలైంది.

ఇది మాటవరసకు అంటలేను. నిజంగనే మూసుకపోయింది. మొదట మిరపకాయ బజ్జీ మంటపెడుతుందని మానిండు. తర్వాత కూరల కారం మానిండు. తర్వాత ఆవులింత సగంల ఆగిపోవుడు షురూ అయ్యింది. ఆవులిద్దామని నోరు తెరుస్తడు, సగానికి వచ్చి ఆగుతది, కండ్లల్ల నీళ్లు తిరుగుతయి, మళ్లా మూస్తడు. మధ్యాహ్నం డబ్బాల పెరుగన్నం తెచ్చుకొని, దాన్ని నీళ్లు పోసి గుజ్జు చేసి, పెదాల సందునుంచి లోపలికి పీల్చుతుండె. ఆ చప్పుడు వింటూ నేను తెచ్చుకున్న గుడ్డు పులుసు ఎన్నిమాట్లు డస్ట్‌బిన్‌ల పోసిన్నో.

బిడ్డ ఇంటర్ చదువుతుండె. ఆ పిల్లనే చెయ్యి పట్టుకొని ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పండ్ల డాక్టర్ దగ్గరికి గుంజకపోయింది. డాక్టర్ నోట్లకు టార్చి కొట్టి చూసి, చెంపల లోపల తోలు గట్టిపడి పోయిందన్నడట. గుట్కా మొత్తం బంద్ చేసి, రోజూ నోరు తెరిచే కసరత్తు చేస్తే కొంత వదులైతదట. మళ్లా ఒక్క ప్యాకెట్ ముట్టినా మొదటికొస్తదట, మొదటికి రావడంతో ఆగదట కూడా. ఆ చివరి ముక్క అన్న నాకు చెప్పలే, వదిన తర్వాత చెప్పింది.

కసరత్తు ఏందంటే ఐస్‌క్రీం పుల్లలు. పుల్లలు కట్టగ కట్టి పండ్ల నడుమ ఇరికించుకోవాలె. అలవాటయినంక ఇంకో పుల్ల పెంచాలె. షాపుల కొత్త పుల్లలు దొరుకుతయి, వాటికి పెద్ద ధర కూడా ఉండదు. అన్న ఉప్పల్ల కుల్ఫీ బండి దగ్గర జనం నాకి పారేసినవి ఏరుకొచ్చిండు. "ఉడకబెట్టిన తమ్మీ, ఫికర్ జెయ్యకు" అన్నడు. ఫికర్ నాకెందుకు, నా నోట్ల పెడుతున్నడా.

కానీ చూడాల్సింది మాత్రం నేనే. లంచ్ బెల్లు కొట్టంగనే అన్న నా ముందల కూసొని పుల్లల కట్ట నోట్ల ఇరికిస్తుండె. కండ్లు మిడిగుడ్లు పడుతయి. సొల్లు గదుమ మీదికెళ్లి అంగీ మీదికి కారుతది. కాసేపటికి కట్ట తీసి, కర్చీపుకు తుడిచి, జేబుల పెట్టుకొని, "సూడు తమ్మీ, ఇయ్యాల ఇంకోటి పట్టింది" అని నోరు తెరిచి చూపిస్తుండె. లోపల తెల్లగ, బిగుసుక పోయి, ఎండిన చెప్పు అడుగు లెక్క ఉంటది. వాసన గురించి వద్దు. నేను ముక్కు మూసుకొని "మస్తుందే" అనేటోన్ని. ఓ రోజు సెలవు పెడితే తెల్లారి అన్న నిన్నటిది కూడా చూపించిండు, బాకీ తీర్చినట్టు.

ఆయనకు కావలసింది పెద్దదేం గాదు. ఆదివారం సాయంత్రాలు బిడ్డతోటి ఉప్పల్ మెట్రో కింద గప్‌చుప్, అదే పానీపూరీ, బండి దగ్గరికి పోతుండె. పిల్ల ఒక్కొక్కటి గబుక్కున నోట్లె వేసుకుంటది. ఈయన ఒకదాన్ని చేతుల చిదిమి, నీళ్లు పారబోసి, ముక్కలు ముక్కలు లోపలికి తోసుకుంటడు. బండాయన ప్రతివారం అట్ల చిదమొద్దని చెప్తడట. "ఒక్కటి నిండుగ నోట్లె పెట్టుకోవాలె తమ్మీ. పిల్ల పక్కన నిలబడి, ఒక్కటంటె ఒక్కటి" అంటుండె. అందుకోసం గుట్కా మానిండు. గుట్కా మానిన మనిషికి తిక్క ఎట్లుంటదో మిషన్ పక్కన కూసున్నోనికే తెలుస్తది. రెండు నెలలు నన్ను తిట్టని తిట్టు లేదు, కానీ ముట్టలే.

సరిగ్గ అప్పుడే కంపెనీల కొత్తగ వచ్చిన హెచ్చార్ మేడం వార్షిక టూరు మార్చింది. ప్రతి ఏడు యాదగిరిగుట్ట దర్శనం, కింద తోటల మటన్. ఈసారి పడమటి కనుమలల్ల ఏదో నేషనల్ పార్కు, వానల అడవి, గైడుతోటి పొద్దంత నడక. టీం స్పిరిట్ వస్తదట. మా సూపర్‌వైజర్ సారు మీటింగుల లేచి, "నడవడానికి రైలెక్కి పోవుడేంది మేడం, మేం ఉప్పల్ కెళ్లి రోజూ నడుస్తనే ఉన్నం గద" అన్నడు. ఇంత మంచి ప్రశ్న ఆయన సర్వీసుల ఇంకోటి అడగలే. మేడం నవ్వి, టికెట్లు బుక్ చేసింది.

చర్లపల్లిల రైలు, దిగినంక మినీ బస్సు, బస్సుల వాంతులు. తెల్లారి అడవి గేటు కాడ గార్డు సంచులు వెతికి ప్లాస్టిక్, బీడీలు, తంబాకు అన్నీ గుంజుకున్నడు. అన్న జేబుల పుల్లల కట్ట తీసి, వాసన చూసి, ముఖం అదోలా పెట్టి, వాపస్ ఇచ్చిండు. గైడ్ కన్నడ పిలగాడు, హిందీల చెప్తుండె. లైనుల నడవాలె, ఒర్రొద్దు, జలగలుంటయి, పట్టుకుంటే ఇది రాయండని తలా ఒక చిన్న గుడ్డమూట ఇచ్చిండు. లోపల ఉప్పు.

ఉప్పు చేతికొచ్చినప్పుడు మావోళ్ల దగ్గర ఏమున్నయంటే, స్టేషన్ల కొన్న జామకాయలు. కారం పొడి పొట్లం సారు సంచిల ఎప్పుడూ ఉంటది. మొదటి ఏరు దాటకముందే జలగల మందు సగం తిన్నరు. మిగిలింది రెండో ఏరు దాటినంక తిన్నరు. మంచిగనే ఉండె, అబద్ధం ఎందుకు.

అడవి గురించి రాయాలంటే అందంగ రాయొచ్చు. చెట్లు ఎంత ఎత్తో, పచ్చదనం ఎన్ని రకాలో. నాకు గుర్తున్నది నా సాక్సుల్ల నీళ్లు. అడుగేస్తే చిత్తుక్, ఎత్తితే చిత్తుక్. మీద ఆకులకెళ్లి వాన వడపోసినట్టు పడుతుండె, ఆగినా పడుతుండె. కింద ఆకులు కుళ్లి, అంబలి లెక్క, కాలు పెడితే మడమ దాకా పోతది. ఆ కుళ్లిన ఆకుల కొసలకు సన్నగ, నల్లగ, దారపు ముక్కల లెక్క ఏవో నిలబడి, మా దిక్కు ఊగుతున్నయి. ఒక్కటి గాదు. దారి పొడుగునా. మనుషుల వాసనకు లేచి, పెండ్లి బువ్వబంతికి వచ్చినోళ్ల లెక్క తొందరపడుతున్నయి.

గైడు, మేడం, నడవగలిగినోళ్లు ముందుకు పోయిన్రు. నడవలేని మా బ్యాచి, సారుతో సహా, ఒక బండ మీద కూలబడ్డం. మల్లేశ్ అని లోడింగ్ సెక్షన్ల చేస్తడు, మూడు బస్తాలు ఒక్కసారి మోసే మనిషి. బూటు విప్పిండు. సాక్సు ఎర్రగ ఉంది. పిండితే కారింది. సాక్సు గుంజితే కాలి నిండా జలగలు, కొన్ని సన్నగ, కొన్ని తాగి ద్రాక్షపండ్ల లెక్క ఉబ్బి. ఒకటి పీకిండు. అది పోయింది, నెత్తురు మాత్రం ఆగలే. సన్నగ, నిమ్మళంగ, కారుతనే ఉంది.

"నెత్తురు ఆగుతలేదు సార్" అన్నడు మల్లేశ్. "ఆగుతలేదంటె ఏందన్నట్టు సార్?"

అప్పుడు అందరం ప్యాంట్లు ఎత్తి చూసుకున్నం. తర్వాత జరిగింది నేను వర్ణించ. పెద్ద పెద్ద మొగోళ్లు, బండ మీద ఎగురుకుంట, ఒకరి కాళ్లు ఒకరు చూసి వాంతి చేసుకుంట. మల్లేశ్ ఫోన్ తీసి పెండ్లాంకు చేద్దామంటే సిగ్నల్ లేదు. "నా పిల్లలను సూస్కొండ్రి" అని నాకు చెప్పిండు. నా జీతం ఆయనకు తెల్వక.

సూపర్‌వైజర్ సారు అప్పుడు పెద్దరికం తీసుకున్నడు. "మా ఊళ్ల బర్రెలకు జలగలు పడితే తంబాకు నమిలి ఉమ్మేటోళ్లు. ఉమ్మితె టక్కున ఊడుతయి."

"తంబాకు గార్డు గుంజుకున్నడు గద సార్" అన్న నేను.

సారు అటిటు చూసి, కుడికాలు బూటు విప్పి, సాక్సు లోపలికి రెండు వేళ్లు పెట్టి, గుట్కా ప్యాకెట్ బయటికి తీసిండు. తడిసి, సారు మడమకు అతుక్కొని, ఓ చిన్న జలగ దాని మీద కూడా కూసొని ఉంది. సారు దాన్ని చిటికెన వేలితో ఎగరగొట్టి, ప్యాకెట్ అన్న దిక్కు చాపిండు.

"నువ్వు కానియ్."

"నేనా సార్? మీదే గద, మీరే నమలుండ్రి."

"నేను షోకుకు ఏస్తనోయ్. నాకు గంత ఊట రాదు. నీకు సర్వీసుంది."

"నీళ్లల్ల కలిపి పూస్తె అయిపాయె గద" అన్నడు అన్న.

"నీళ్లకు పనిజెయ్యదు. నోట్ల ఊటనే పడాలె. మా నాయనమ్మ చెప్పేది."

పక్కనున్నోళ్లు కూడా తలూపిన్రు. అందరికీ ఒక నాయనమ్మ, అందరి నాయనమ్మలకు ఒక బర్రె ఉన్నట్టుంది. అన్న జేబులకెళ్లి పుల్లల కట్ట తీసి చూపించిండు. "మానిన సార్. డాక్టర్ వద్దన్నడు. బిడ్డకు మాటిచ్చిన."

"నాకేం వద్దన్నా, నీ నోరు నువ్వు సూస్కో" అన్నడు మల్లేశ్, సావబోయే మనిషి గొంతుతోటి, ఇంకో జలగను చెవి వెనకకెళ్లి గుంజుకుంట.

అన్న మా అందరి దిక్కు చూసిండు. పుల్లల కట్ట నా చేతుల పెట్టిండు. "జర పట్టు తమ్మీ." తడిగ, వెచ్చగ ఉండె. ప్యాకెట్ అందుకొని చింపిండు. చేతులు వణికినయి.

ఆ వణుకు చూసే అందరూ ఇప్పుడు త్యాగం అంటున్నరు. నేను పక్కనే ఉన్న. బిర్యాని హండి మూత లేపేటప్పుడు మావోళ్ల చేతులు అట్లనే వణుకుతయి. ప్యాకెట్ మొత్తం నోట్లకు ఒంపుకొని అన్న కండ్లు మూసుకున్నడు. కాసేపు ఆయనకు మేము లేము, జలగలు లేవు, అడవి లేదు. మల్లేశ్ "అన్నా" అన్నడు. అన్న వేలెత్తి, ఆగు అన్నట్టు పెట్టిండు.

తర్వాత వరుసగ నిలబడ్డం. టైల్స్ లెక్క. రోజూ ఆయనను చూసి ముఖం తిప్పుకునే మనుషులు, క్యాంటీన్ల ఆయన బల్ల మీద కూసోనోళ్లు, ప్యాంట్లు మోకాళ్ల దాకా ఎత్తి, జర్ర ఇటు అన్నా, ఇక్కడ ఇంకోటుందన్నా, అని బతిమాలుకుంట. అన్న వంగి, గురి చూసి, ఒక్కో జలగకు ఒక్కటి. పడ్డది పడ్డట్టే ముడుసుకొని రాలింది. రాలినదాన్ని చూసి జనం చప్పట్లు. నేను వద్దన్న. నాకు ఐదున్నయి, ఉండనీ అన్న. తర్వాత ఒకటి మోకాలు దాటి పైకి పోవుడు చూసి, నేను కూడా ప్యాంటు ఎత్తిన. వాన చల్లగ, ఉమ్మి వెచ్చగ. పిక్క మీదికెళ్లి ఎర్రగ బూటులోపలికి దిగింది. తర్వాత పొద్దంత అదే బూటుల నడిచిన.

గైడు, మేడం వెనక్కి వచ్చేసరికి డజను మందిమి ఎర్రటి కాళ్లతోటి బండ మీద నవ్వుకుంట కూసున్నం. మేడం టీం స్పిరిట్ వచ్చిందనుకొని ఫొటో తీసింది. అదే ఫ్లెక్సీ మీది ఫొటో.

వాపస్ రైలుల అన్న కిటికీ పక్కన కూసొని, సారు బస్సుల వదిలిపోయిన బ్యాగుల ఇంకో ప్యాకెట్ ఉందని కనిపెట్టి, అదీ కానిచ్చిండు. పుల్లలు నన్ను అడగలే. చర్లపల్లిల దిగినంక చెత్తబుట్టల వేసిన. దాచిపెట్టుకునే వస్తువు గాదది. సోమవారం పొద్దున గోడ దగ్గర అన్న టైల్స్‌కు దండం పెడుతుండె. నన్ను చూసి, తల వెనక్కి వంచి, "ఈఓఅఏ అఇఇఅ అఆ" అన్నడు. మీకోసమే నమిలిన గదా అని. అప్పటికెళ్లి ఎవరడిగినా అదే. ఇంట్ల కూడా అదే చెప్పిండట. ప్రాణాలు పోతుంటే చూస్తా కూసోవాల్నా అని. మావోళ్లు ఇంటికి పోయి సాక్ష్యం కూడా చెప్పిన్రు. ఒక్కొక్కడు చెప్పినకొద్దీ జలగలు పొడుగైనయి.

తర్వాతి ఏడు నోట్ల పుండు. ఆ తర్వాత దవాఖానా, చెంప కోసుడు, ముక్కుల పైపు. చూడబోయిన ఒక్కసారి. మాట్లాడలేడు, అచ్చులు కూడా లేవు. ఆ వాసనకు నేను బయటికి వచ్చి మెట్ల మీద కూసున్న. ఇది గూడా ఎవరూ ఫ్లెక్సీ మీద రాయరు.

పదో దినం భోజనాలు నాచారంల వాళ్ల ఇంటి ముందే, గల్లీల షామియానా వేసి. మల్లేశ్ మైకు లేకున్నా ప్రసంగం మొదలుపెట్టిండు. ఆ రోజు అన్న లేకుంటే నా పదో దినం ఎప్పుడో అయిపోతుండె అని. సూపర్‌వైజర్ సారు కండ్లు తుడుచుకున్నడు, సాక్సు సంగతి మాత్రం ఎత్తలే. నేను కూర కలుపుకుంటున్న. వదిన గిన్నె పట్టుకొని వచ్చి నా ముందల ఆగింది. బిడ్డ వెనక నిలబడ్డది, డిగ్రీలకు వచ్చింది ఇప్పుడు, తల్లి భుజం దాటి నన్నే చూస్తుంది.

"తమ్మీ" అన్నది వదిన. "వీళ్లందరు ఏడుసుకుంట చెప్తరు. నువ్వు ఏడువవు, అందరి మీద జోకులేస్తవు, గందుకే నిన్నడుగుతున్న. గా దినం మీ అన్న ముట్టకుంటె మీరు బతుకుతుంటిరా?"

వదిన గరిటె పట్టుకొని అట్లనే నిలబడ్డది. వడ్డించలే.

"కష్టమే ఉండె వదినా" అన్న.

"గట్లనా" అన్నది. గరిటె గిన్నెల ముంచి, "గట్లయితె సరే" అన్నది. బిడ్డ దిక్కు తిరిగి "ఇన్నవా" అన్నది. నా ఆకుల రెండు ముక్కలు ఎక్కువనే వేసి, పక్క వరుసకు పోయింది.

జలగ కడుపు నిండితే దానంతటదే రాలిపోతది. అరగంట పడుతది. తర్వాత సబ్బుతోటి కడుక్కుంటే సాలు.